నిలబడి నింపిన గళ్లు

"గోదావరి కర్ణాటకలో పుట్టిందా?" పేపరు చేత్తో పట్టుకుని, మణికొండ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి కోపంతో ఊగిపోతూ వచ్చాడు విశ్వేశ్వరరావు.

ఫ్లాట్లకు పేపర్లు పంచేముందు, ఆయన పేపర్లోని పదకేళి నింపేది వాచ్‌మన్ సాయిలే. ఇప్పుడతను గేటు పక్కన నిలబడి ఉన్నాడు. డ్యూటీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటున్నాడని పోయిన వారం అతని కుర్చీ తీయించింది విశ్వేశ్వరరావే.

"పుట్టింది మహారాష్ట్రల సార్, త్రయంబకం కాడ," అన్నాడు సాయిలు తాపీగా. "కర్ణాటక సుత నాలుగు గళ్లల్ల సరిపోయిందని రాసిన."

"తెలిసే రాశావా? నేను రాజమండ్రి వాణ్ణయ్యా! చూసుకోకుండా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ ఒకటే నవ్వు!"

ఆఫీసు క్యాబ్ కోసం అక్కడే నిలబడ్డ కోడలు రసజ్ఞ ఫోన్‌లోంచి తలెత్తింది.

"అయితే మామయ్యగారూ, 'ఐదు నిమిషాల్లో నింపేశాను' అని ఏడాదిగా మీరు పెడుతున్నవన్నీ ఇతను నింపినవా?"

విశ్వేశ్వరరావు పేపరు వీపు వెనక్కి తీసుకెళ్లాడు. క్యాబ్ వచ్చింది. కోడలు నవ్వాపుకుంటూ ఎక్కింది.

అది మలుపు తిరిగేదాకా ఆగి, గొంతు తగ్గించాడాయన. "రేపైనా సరిగ్గా నింపుతావా, లేదా?"

సాయిలు పెన్ను జేబుకు తగిలించుకున్నాడు.

"కూసోని రాస్తే అన్నీ యాదికొస్తయ్ సార్. నిలవడి రాస్తే గిట్లనే వస్తయ్."