సాలోమి సాక్ష్యం

“మా నాన్న కిడ్నీలు పాడైతే ప్రార్థన విని ప్రభువు బాగుచేశాడు,” అద్దం ముందు నిలబడి సాక్ష్యం వల్లిస్తోంది పదో తరగతి సాలోమి. వచ్చే వారం చర్చి పిల్లలతో కెన్యా వెళ్లి చెప్పాల్సింది అదే.

పలాసలో డయాలసిస్ చేయించుకుని వచ్చిన ఆ నాన్న, గంగరాజు, గుమ్మంలోనే కూలబడ్డాడు.

సాలోమి కాగితం మడిచేసింది. “నానెల్లను నాన్నా. అబద్దం సెప్పలేను.”

“నిరుడు కాస్త తేరుకున్నానని చర్చి కూడికలో లేచి సెప్పింది నానే కదమ్మా.”

“మళ్లీ తిరగబెట్టిందని పాస్టరయ్యగారితో సెప్పీ మరి.”

“సెప్పను.” సూది గుచ్చిన చోట దూదిని నొక్కి పట్టుకున్నాడు గంగరాజు. “ఇక్కడైతే నాను బాగుపడేది లేదు. నువ్వెల్లి సెప్పమ్మా. ఆ దేశంలోనైనా బాగుంటాను.”