ఎడమ తలుపు

సరూర్‌నగర్‌ల మా గల్లీ అంబాసిడర్‌కు మళ్ళా ప్రాణం పోసింది ఎవరంటే, నేనే.

ఇరవై రెండేండ్లు టార్పాలిన్ కింద పండుకున్న బండి. బానెట్ మీద చెయ్యి పెట్టి "లే బిడ్డా" అన్న. లేచింది.

నడుమ కొంచెం కథ జరిగింది. అది చెప్త.

బండి మా పక్కింటి సీతారాములుది. వాళ్ళ నాయిన అంతయ్య నల్లగొండ దిక్కు నుంచి పట్నం ఒచ్చి, టాక్సీ నడిపి, సంసారం సాకిన బండి. ఆయన పోయినంక ఇంటి ముందట అట్లనే ఆగింది.

సీతారాములు బిడ్డ స్వప్నకు పెండ్లి కుదిరింది. పిల్ల ఒక్కటే మాట అన్నది.

"ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్‌కు తాత కార్లనే పోత నాయినా. కిరాయి కారు తెస్తే నడుచుకుంట పోత."

పెండ్లికి మూడు నెలలున్నది. సీతారాములు టార్పాలిన్ గుంజిండు.

తుప్పు గీకిండు. సీట్లు కుట్టిచ్చిండు. ఫోన్ల వీడియోలు చూసుకుంట కార్బురేటర్ విప్పి, భార్య ఈరమ్మ దోసె పిండి గిన్నెల కిరసనాయిలు పోసి కడిగిండు.

"బండి లేస్తదో లేదో గని, ఇగ నా ఇంట్ల దోసె లేవదు" అన్నది ఈరమ్మ.

గప్పుడే ఒచ్చిండు ఆ పెద్దమనిషి.

తెల్లంగి, చేతిల గొడుగు. రోజూ పొద్దున గేటు పక్కన నిలవడి కారును చూసేటోడు. అడిగితే పేరు రామమోహనరావు అన్నడు, దిల్‌సుఖ్‌నగర్‌ల సాయిబాబా గుడి వెనక ఇల్లు అన్నడు. అంతే.

మొదటిరోజు సీతారాములు వెనక ఎడమ తలుపు నాలుగుసార్లు కొట్టిండు. పడలే.

"కాస్త పైకెత్తి వెయ్యండి బాబూ" అన్నడు పెద్దమనిషి.

ఎత్తి వేస్తే పడ్డది.

సీతారాములు నా చెవుల గొణిగిండు. "పాత సామాను బ్రోకర్ అయితడు కాకా. గిసొంటి బండ్లు ఎన్ని కోసిండో."

అంతకుముందు ముగ్గురు ఒచ్చి ఇనుము రేటు చెప్పి పోయిండ్రు. నాకూ నిజమే అనిపిచ్చింది.

నెల తిరిగేసరికి ఇంజన్ అందుకుంది. గల్లీ అంతా చప్పట్లు. ఒక ఛాయ్ తాగేటంతసేపు నడిచి, దగ్గి, ఆగింది. మళ్ళా స్టార్ట్ చేస్తే మళ్ళా గంతే.

"పెట్రోలు ట్యాంకు మూత కొంచెం వదులు చేసి చూడండి బాబూ. ఈ బండికి మొదట్నుంచీ అక్కడ గాలి ఆడదు."

సీతారాములుకు మండింది.

"సారూ, రోజూ ఒచ్చి నిలవడ్తరు, ఏం కావాలె మీకు? గిది కాటా మీద పెట్టే బండి కాదు. మా నాయిన చెమటోడ్చి కొన్న బండి. పొయ్యి ఇంకో ఇల్లు చూస్కోండి."

పెద్దమనిషి గొడుగును ఒక చేతిల నుంచి ఇంకో చేతిలకు మార్చుకున్నడు.

"నిజమే బాబూ. అంతయ్య కష్టజీవి."

పోయిండు. మళ్ళా రాలే.

అంతయ్య పేరు ఆయనకు ఎవరు చెప్పిండ్రని మా ఇద్దరికీ తట్టలే.

సీతారాములు పైపులు మార్చిండు, పంపు మార్చిండు, ప్లగ్గులు మార్చిండు. బండి మాత్రం ఛాయ్ తాగేటంతసేపే. పెండ్లి ఇంక నాలుగు రోజులున్నది. మనిషి అన్నం ముట్టుడు బంద్ జేసిండు.

"ఆ పెద్దసారు చెప్పింది ఒక్కపాలి చేసి చూడరాదు?" అన్నది ఈరమ్మ.

మూత వదులు చేసి స్టార్ట్ చేసిండు.

ఛాయ్ తాగుడు అయిపోయింది. అన్నం తినుడు అయిపోయింది. బండి నడుస్తనే ఉన్నది.

సీతారాములు చాన్‌సేపు స్టీరింగ్ మీద తల పెట్టుకున్నడు.

"ఎక్కు కాకా. ఆయనకు మొఖం చూపియ్యాలె."

గుడి వెనక ఇల్లు దొరికింది. తలుపు తీసింది ఆయన భార్య కోటేశ్వరమ్మ. కారును చూసి గడప మీదనే ఆగిపోయింది.

"అంతయ్య కొడుకువా?"

"అవునమ్మా."

"మీ నాన్న పదేళ్ళు మా డ్రైవరు. అప్పుడు నువ్వు మీ ఊళ్ళో చదువుకుంటున్నావు. మేం గుంటూరు మారిపోయే రోజున ఈయన తాళాలు అంతయ్య చేతిలో పెట్టి, ఇక నీదే అన్నారు. ఊరికే ఇచ్చానని చెప్పుకోకు, కొన్నానని చెప్పు, నలుగురిలో గౌరవంగా ఉంటుందన్నదీ ఈయనే."

సీతారాములు చేతిల ఉన్న తాళాల దిక్కు చూసుకున్నడు.

"పోయినేడు మళ్ళీ ఇక్కడికి వచ్చాం. ఒక్కసారి ఆ కారెక్కి కూర్చోవాలని ఈయన ఆశ. అడగలేకపోయారు."

గప్పుడు లోపలి నుంచి రామమోహనరావు ఒచ్చిండు. సీతారాములు కాళ్ళ మీద పడ్డడు. ఆయన నవ్వి, వెనక సీట్ల కూసొని, తలుపు కొంచెం ఎత్తి వేసుకున్నడు. మెట్రో పిల్లర్ల కింది నుంచి ఎల్బీనగర్ దాకా తిప్పి తెచ్చినం. పొడుగునా కిటికీల చెయ్యి పెట్టుకొని గాలికి ఊపుతనే ఉన్నడు.

కథ గిట్ల చెప్తే ఇనేటోళ్ళకు మంచిగుంటది.

ఇగ నిజం. నేను బానెట్ మీద చెయ్యి పెట్టి "లే బిడ్డా" అన్నది నిజమే, అది లేవలే. మూడు నెలలు నేను పట్టింది టార్చిలైటు, ఛాయ్ గ్లాసు.

ఇంకొకటి కూడా నేను కల్పించిన. రామమోహనరావు లోపలి నుంచి ఒచ్చుడు. మేం పోయేసరికి ఆయన గోడ మీద దండేసిన ఫోటో అయి నెల దాటింది.

"పెళ్ళి కారు బాబూ, నేను ఎక్కకూడదు" అన్నది కోటేశ్వరమ్మ.

"మీ కారే అమ్మా" అన్నడు సీతారాములు.

ఆమె ఎక్కి కూసున్నది. మేం చెప్పకముందే, ఎడమ తలుపు కొంచెం పైకెత్తి వేసుకున్నది.