మర లేని కళ్ళజోడు

"నాయనా, మళ్ళీ వదులైంది."

కళ్ళజోడు బల్ల మీద పెట్టి, తప్పు చేసినదానిలా నిలబడింది బు తుమినా, అంటే తుమినమ్మ, పెద్దావిడ.

సుబగ్యోకి ఒళ్ళు మండింది. మొన్ననే కదా కొత్త గొళ్ళెం వేసి ఇచ్చాడు!

సోలో పట్నంలో అతని అక్క రెత్నోకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. దాని వెనకగదే సుబగ్యో కార్ఖానా. అద్దం మార్చాలంటే ఆవగింజంత మర విప్పాలి. అది జారిపడితే ఇక దొరకదు. ఆ బాధ లేకుండా, గోటితో గొళ్ళెం ఎత్తితే చట్రం తెరుచుకోవాలి, అద్దం పెట్టి నొక్కితే మూసుకోవాలి. అలాంటి ఫ్రేము కోసం బడిలో డ్రాయింగు మాస్టరు ఉద్యోగం వదిలేశాడు. పెళ్ళి కూడా వాయిదా వేసుకున్నాడు.

వాడి చూడమని కొందరికి నమూనాలు ఊరికే ఇచ్చాడు.

"ఎవరికిచ్చింది వాళ్ళే వాడాలి. చేతులు మారిందని తెలిస్తే వెనక్కి తీసేసుకుంటాను" అని ముందే చెప్పాడు.

"ఫ్రేము చాలు నాయనా, అద్దాలు నా దగ్గరున్నాయి" అని పట్టుకెళ్ళింది బు తుమినా.

మిగతావాళ్ళు గొళ్ళెం ముట్టుకున్న పాపాన పోలేదు. అన్నా అని పిలిచినట్టు, "భలే ఉంది మాస్" అనేసి ఊరుకున్నారు. ఈవిడ మాత్రం వచ్చిన దారి మరిచిపోకుండా వస్తూనే ఉంది.

"అసలు రోజుకెన్నిసార్లు తెరుస్తున్నారు దీన్ని?"

"అవసరమైనప్పుడు."

"అద్దం పగిలితే కదా అవసరం! పగిలిందా?"

"లేదు."

"పిల్లలు గానీ ఆడుతున్నారా?"

"నాకు పిల్లలెక్కడున్నారు నాయనా?"

దుకాణంలోంచి రెత్నో నవ్వింది. "కోడిపుంజుకి పెట్టి పందెంలోకి దింపుతోందేమోరా!"

సుబగ్యోకి నవ్వు రాలేదు. ఇత్తడి గొళ్ళెం అరగ్గొట్టింది. ఉక్కుది పెడితే విరగ్గొట్టింది. స్ప్రింగు వేస్తే అదీ సాగిపోయింది. పైగా వెళ్తూ వెళ్తూ ఒక మాట అంటుంది.

"తడి చేతికి జారుతోంది. గోరు ఆనడానికి కాస్త గుంట పెట్టకూడదూ?"

"ఇక సలహాలు కూడానా!" అని విసుక్కున్నాడు. విసుక్కుంటూనే గుంట పెట్టాడు.

సెమరాంగ్ నుంచి కళ్ళజోళ్ళ ఫ్యాక్టరీ యజమాని నమూనా చూడ్డానికి వచ్చిన రోజున అసలు గొడవ జరిగింది.

ఆయన కాఫీ తాగుతూ నమూనా తిప్పి తిప్పి చూస్తున్నాడు. ముఖంలో మెప్పు కనబడుతోంది. సరిగ్గా అప్పుడే బు తుమినా గుమ్మంలోకి వచ్చింది. కొంగులోంచి కళ్ళజోడు తీయబోయింది. చట్రం టక్కున విచ్చుకుంది. అద్దం జారి, గచ్చు మీద దొర్లుకుంటూ వెళ్ళి యజమాని బూటుకి తగిలి ఆగింది.

ఆయన వంగి, అద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకొంచెం పండాలి మాస్, మీ పని" అని టోపీ పెట్టుకున్నాడు. కాఫీ సగం గ్లాసులోనే ఉండిపోయింది.

సుబగ్యో ఆవిడ చేతిలోని ఫ్రేము లాక్కున్నాడు. ఆ అద్దాలు ఒక మామూలు ఫ్రేములో బిగించాడు. మర తల మీద జిగురు కూడా పూశాడు.

"ఇదిగో. ఇక మీరు కాదు, మీ తాత దిగొచ్చినా దీన్ని తెరవలేడు. ఇక ఈ గుమ్మం తొక్కకండి."

బు తుమినా గోటితో ఆ మర తల గీకి చూసింది.

"నాయనా... పాతదే ఇచ్చెయ్యి. వదులైనా ఫరవాలేదు. దారం కట్టుకుంటాను."

"దేనికి? ఊరంతా నా పరువు తీయడానికా?"

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. తల వంచి వానలోకి దిగింది.

"పెద్దదానితో అంత మాటా?" అంది రెత్నో.

"నీకేం తెలుసక్కా నా బాధ!"

కోపం చల్లారాక, ఆ పాడైన ఫ్రేమునే భూతద్దం కింద పెట్టాడు. మిగతా నమూనాలన్నీ కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరుస్తున్నాయి. వాటిని చూస్తే ఏమీ తెలియదు. ఇందులో మాత్రం లోహం ఎక్కడ అరిగిందో, ఎక్కడ సాగిందో, వేలు ఎటునుంచి నొక్కిందో అంతా కనబడుతోంది. ఆ గాట్ల వెంటే వెళ్ళి గొళ్ళెం మళ్ళీ చేశాడు.

ఈసారి సెమరాంగ్‌లో యంత్రానికి తగిలించి, ఆపకుండా తెరిచి మూశారు. చివరికి యంత్రమే వేడెక్కింది గానీ గొళ్ళెం చెక్కు చెదరలేదు.

"ఇంత కఠినంగా ఎవరిచేత పరీక్ష చేయించావయ్యా?" అన్నాడు యజమాని.



ఫ్యాక్టరీలో తయారైన మొట్టమొదటి కళ్ళజోడు తీసుకుని, బు తుమినా ఉండే లవేయన్ పేటకు బయలుదేరాడు. ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనుకున్నాడు.

అడిగితే, గుడ్డలకు మైనపు అద్దకం వేసే ఒక బాతిక్ ఇంటి పెరడు చూపించారు. కరిగిన మైనం వాసన వేస్తోంది. వయసు మళ్ళిన ఆడవాళ్ళు కొందరున్నారు. ఒకామె మాత్రమే కళ్ళజోడు పెట్టుకుని, గుడ్డ మీద మైనంతో సన్నని తీగలు గీస్తోంది. తాను మర బిగించి ఇచ్చిన ఆ కళ్ళజోడును అతను గుర్తుపట్టాడు. మిగిలినవాళ్ళు ఊరికే గుడ్డలు మడతపెడుతున్నారు.

"బు తుమినా?"

"లేదు మాస్" అంది మడతపెడుతున్న ఒకామె. "సన్నపని మూలపడింది. ఇక మాకు వండిపెట్టే మనిషి ఎందుకని యజమానురాలు తుమినాని మానిపించింది. సముద్రం దాటి లాంపుంగ్ పోయే వలస ఓడ ఎక్కేసింది. ఎక్కడ దిగిందో, ఏమైందో ఎవరికీ తెలియదు."

సుబగ్యో చేతిలోని పెట్టెను చూసుకున్నాడు.

"ఆవిడకి ఇద్దామని తెచ్చాను. కొత్త కళ్ళజోడు."

గీస్తున్నామె మైనపు కలం పక్కన పెట్టింది.

"తుమినాకి కళ్ళజోడెందుకు మాస్? మా అందరి ఫ్రేములూ విరిగి అద్దాలే మిగిలితే, వాటిని నీ ఫ్రేము కొలతకి అరగదీయించి, వంట మధ్యలో తడిచేత్తోనే పరుగెత్తుకొచ్చి, ఎవరి వంతుకి వాళ్ళ అద్దాలు మార్చి మా ముక్కు మీద పెట్టేది గానీ, దాని కళ్ళు మసకచీకట్లో కూడా సూదిలో దారం ఎక్కించేవి!"