రోజుకో ప్రశ్న

"ఇది మీరు రాసిందేనా? నా కళ్ళలోకి చూసి చెప్పండి."

హోసూరు బస్టాండు పక్కనున్న టీ అంగట్లో భువన తన ఫోను చక్రి ముఖం ముందు పెట్టింది. రోము సామ్రాజ్యం ఎందుకు కూలిపోయిందని నిన్న ఆమె అడిగిన ప్రశ్నకు అతను పంపిన జవాబు అది. పన్నుల భారం, సరిహద్దుల్లో దాడులు, అన్నీ చక్కగా ఉన్నాయి. చివర్లో మాత్రం ఇంకో వాక్యం ఉంది. 'ఈ సమాధానాన్ని మీకు కాబోయే భార్యకు నచ్చేలా మరింత సరళంగా మార్చమంటారా?'

చక్రి ముఖం పాలిపోయింది. "అది... పొరపాటున వచ్చేసింది."

"కడాకు ఉండే మాట పొరపాటు, సరే. మిగతాదంతా యాడిది?"

"ఏఐ యాప్‌లో అడిగి పంపాను."

"అన్నీనా? ఇంటర్నెట్టు మొదట ఎవురు కనిపెట్టినారు, సముద్రం అడుగున తీగలు ఎట్లా ఏసినారు, విజయనగరం ఎందుకు పడిపోయింది... అన్నీ?"

"అన్నీ" అన్నాడు అతను, తల దించుకుని.

భువనకు ఏడుపు తన్నుకొచ్చింది. నిశ్చితార్థమైనా సరే, పెళ్ళిదాకా ఫోన్లో మాటలు కూడదు, మెసేజులు చాలునని నాయన జయరామప్ప ఖండితంగా చెప్పాడు. అందుకే రోజుకో ప్రశ్న, రోజుకో జవాబు. ఈ రోజు మాత్రం ఆయనకు చెప్పకుండానే వచ్చింది. ఆ జవాబుల్లోని 'తద్వారా'లు, 'తత్ఫలితంగా'లు చూసి, చక్రిది ఆంధ్రా కదా, అక్కడివాళ్ళు ఇలాగే మాట్లాడతారు కాబోలు అనుకుంది. తమిళనాట కెలమంగలంలో తమ తెలుగులో సగం తమిళం, సగం కన్నడం మరి! ఇంత తెలిసిన మనిషి ఫ్యాక్టరీలో మిషను తిప్పుతున్నాడే అని వదినకు చూపించి గొప్పలు కూడా పోయింది. ఎంత పిచ్చిమొద్దు తను!

"నాకు చరిత్ర రాదు భువనా. ఐటీఐ చదివినవాణ్ణి. నీ మొదటి ప్రశ్న చూడగానే చెమటలు పట్టాయి. తెలీదంటే ఈ సంబంధం వద్దంటావేమోనని భయపడ్డాను."

"తెలీదని ఒక్క మాట చెప్పుంటే తినేస్తానా? ఇన్నాళ్ళూ నేను ఎవురితో మాట్లాడినాను? మీతోనా, ఆ యాప్‌తోనా? నమ్మించి గొంతు కోసినారు కదప్పా!"

"అసలు నీకు ఇన్ని ప్రశ్నలు ఎలా తడతాయి?"

"మాట తిప్పొద్దండి!"

వేలికున్న ఉంగరం తీసి టీ గ్లాసు పక్కన పెట్టేసింది. చక్రి దాన్ని ఆమె వైపు జరిపాడు. "ఒక్క అవకాశం ఇవ్వు. ఇకనుంచి తెలిస్తే తెలుసంటాను, తెలీకపోతే తెలీదంటాను. ఒట్టు" అన్నాడు.

భువన ఉంగరాన్నే చూస్తూ కూర్చుంది. కోపం చల్లారలేదు గానీ, మనిషి మీద ఇష్టమూ చావలేదు.

"రేపు ఇంకో ప్రశ్న పంపిస్తాను. మీ సొంత బుర్రతో రాయండి. ఇది మళ్ళా వేలికి ఎక్కేదీ లేనిదీ అప్పుడు చెప్తాను."

ఉంగరం పర్సులో వేసుకుని లేచి వెళ్ళిపోయింది.

కెలమంగలం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మోసపోయిన బాధ గుండెల్లో మండుతూనే ఉంది. మనిషన్నాక కాస్త నిజాయితీ ఉండొద్దా అని తనలో తానే గొణుక్కుంది. కళ్ళు తుడుచుకుని, ఫోను తీసి, ఒక యాప్ తెరిచింది.

'ఎప్పటిలాగే, చక్రిని అడగడానికి ఇంకో మంచి ప్రశ్న రాసివ్వు' అని టైపు చేసింది.