ఎర్రబొట్టు, పసుపుబొట్టు

"రిమోట్‌కి ఇన్ని బటన్లెందుకండీ?" అంది సింధూరి.

"ఎన్నుంటే అంత మంచిది మేడమ్," అన్నాడు సేల్స్‌మన్.

వన్ టౌన్‌లో ఎలక్ట్రానిక్స్ షాపు. బయట తోపుడు బండ్లు, ఆటోల గోల. లోపల కౌంటర్ మీద వరసగా సీడీ ప్లేయర్లు.

"కొనేది మా అత్తగారికి. ఆవిడకి ఇంగ్లీషు రాదు."

"ఇంగ్లీషెందుకు మేడమ్? ప్లే నొక్కితే ప్లే అవుతుంది."

"ఆ ప్లే ఎక్కడుందో తెలియాలిగా!"

ఇంట్లో పాత ప్లేయర్ మూలపడింది. అది పనిచేసిన రోజుల్లోనూ అత్తగారు మాణిక్యమ్మకి దాని దగ్గరికెళ్ళాలంటే భయమే. ఏదో నొక్కేది, టీవీ నీలంగా అయిపోయేది. "నువ్వు ముట్టుకోకమ్మా!" అని కొడుకు జయకృష్ణ అరిచేవాడు.

ఆవిడ దగ్గరున్నది ఒకే ఒక్క సీడీ. పుట్టినూళ్ళో ఎప్పుడో ఆడిన పౌరాణిక నాటకం. దేవుడి పటాల వెనక దాచుకుంది. చూడాలంటే ఎవరో ఒకరిని బతిమాలాలి. "మొన్నేగా చూశావు," అనేవారు. ఆఖరికి అడగడమే మానేసింది.

ఈసారి ఆవిడే వేసుకుని, ఆవిడే చూసుకోవాలని సింధూరి పంతం.

"ఇదైతే ఐదు స్పీకర్లు మేడమ్. మైకు పెట్టుకుని పాడుకోవచ్చు కూడా."

"మా అత్తగారు పాడరు. వింటారు."

"ఆ చివర్ది చూడండమ్మా," అన్నారెవరో.

స్టూలు మీద ఒక పెద్దాయన. తెల్ల టోపీ. అంత ఎండలోనూ మెడకి మఫ్లర్. గొంతు గాలిలా వస్తోంది తప్ప పలకడం లేదు.

"ముందు వైపునే బటన్లున్నాయి, పెద్దవి. రిమోట్ జోలికి పోనక్కర్లేదు."

"మీరు షాపు వాళ్ళాండీ?"

"కాదమ్మా. మిక్సీ రిపేరుకిచ్చాను."

"రవూఫ్ గారూ, మా బేరాలు చెడగొట్టకండి సార్!" సేల్స్‌మన్ నవ్వాడు.

సింధూరి ఆ చివర్ది దింపించింది. బటన్లు వేలితో నొక్కి చూసింది. మూత తీసి మళ్ళీ వేసి చూసింది. అప్పుడు బ్యాగులోంచి అత్తగారి సీడీ తీసింది.

"దీంతో టెస్ట్ చెయ్యండి."

హార్మోనియం మోగింది. కౌంటర్ పక్కనున్న టీవీలో తెర లేచింది. నీలం రంగు పూసుకున్న కృష్ణుడు వచ్చి పద్యం ఎత్తుకున్నాడు. షాపంతా ఖంగుమంది.

పెద్దాయన స్టూలు మీంచి లేచి, టీవీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కొత్త సామాను కొంటే మీ ఇళ్ళల్లో బొట్లు పెడతారు కదమ్మా," అన్నాడు, చూపు తిప్పకుండా. "అవేవో బటన్ల మీదే పెట్టండి. ఎర్రబొట్టు నొక్కితే ఆడుతుంది. పసుపుబొట్టు నొక్కితే ఆగుతుంది."

సింధూరికి నవ్వొచ్చింది. ఆలోచన మాత్రం నచ్చింది.

"వెనక్కి తిప్పే బటన్‌కి గంధం పెట్టండి. వన్స్ మోర్ అనాలనిపిస్తే ఎలా మరి?"

"సరేనండీ. ఇది ప్యాక్ చేసెయ్యండి," అంది సింధూరి. పిల్లలు బడి నుంచి వచ్చే వేళయింది.

"ఒక్క నిమిషం తల్లీ. ఈ పద్యం అయ్యేదాకా ఉంచండి. ఎదురుగా కూర్చుని ఎప్పుడూ వినలేదు."

టిక్కెట్టు కొనలేనివాళ్ళు తడికల అవతల నుంచుని నాటకాలు వినేవారని అత్తగారు చెబుతుంటుంది. ఈయనా అలాంటివాడే కాబోలు. అలా అని షాపులో నాటకం చూస్తూ కూర్చుంటామా?

"టెస్టింగ్ అయిపోయిందిగా అండీ," అంటూ తనే స్టాప్ నొక్కింది.

రాగం మధ్యలో తెగింది.

పెద్దాయన నొచ్చుకోలేదు. "ఆపే బటన్ కూడా బాగా పనిచేస్తోందమ్మా," అని నవ్వి, వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు.

సాయంత్రం కొత్త ప్లేయర్‌కి కొబ్బరికాయ కొట్టారు. మాణిక్యమ్మ కుంకుమ, పసుపు నూనెలో రంగరించి, గంధం తీసి, కోడలు చూపించిన చోటల్లా శ్రద్ధగా బొట్లు పెట్టింది.

"ఏంటమ్మా, ప్లేయర్‌కి పెళ్ళి చేస్తున్నావా?" అంటూ జయకృష్ణ చెయ్యి చాచాడు.

"నువ్వు ముట్టుకోకురా!" అంది మాణిక్యమ్మ. "ఇది నాది."

పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆవిడ ఎర్రబొట్టు నొక్కింది. కృష్ణుడొచ్చాడు. పసుపుబొట్టు నొక్కింది. ఆగిపోయాడు. మళ్ళీ ఎర్రబొట్టు. మళ్ళీ వచ్చాడు.

"నా మాట వింటున్నాడే సింధూ!"

పద్యం అయిపోవడం ఆలస్యం, "వన్స్ మోర్!" అని అరిచి గంధంబొట్టు నొక్కింది. చిన్నప్పుడు ఆడపిల్లలు అలా అరవకూడదని వాళ్ళమ్మ నోరు మూసేదట.

సింధూరి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. పద్యం మొత్తం వినడం తనకీ అదే మొదటిసారి.

"ఏం గొంతు అత్తయ్యా! ఇంకా పాడుతున్నారా ఈయన?"

"ఎక్కడ! గొంతుకి ఆపరేషనయ్యి మాట కూడా సరిగ్గా పలకడం లేదట. వేషం కట్టిన రోజు నీచు ముట్టేవారు కాదమ్మా. కొండపల్లి రవూఫ్ గారంటే మా ఊళ్ళో ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెడతారు."

సింధూరి చూపు పసుపుబొట్టు మీద ఆగిపోయింది.

మధ్యాహ్నం ఆ పద్యాన్ని తను సగంలో ఆపేసింది, దాన్ని ఎదురుగా కూర్చుని ఒక్కసారైనా వినని కృష్ణుడి ముందే.