నడుంలోతు గొయ్యి

డెన్‌జిల్ ఒంటిమీది ఎర్ర చొక్కా విప్పి గుంపు పెద్ద క్లారెన్స్ మావ ఒళ్లోకి విసిరికొట్టాడు.

"ఇదిగో, నీ చొక్కా నువ్వే ఉంచుకో. రేపు పేట జనమందరి ముందూ నిలబడి, నేను మారానని మాట్లాడ్డం నావల్ల కాదు. ఇవాళ్టితో మీకూ నాకూ చెల్లు!"

ఎండిన ఏటి గట్టున, నీలగిరి చెట్టు కింద నిప్పు రాజేస్తున్న మగాళ్లంతా తలలెత్తారు. పెళ్లాల మీద చెయ్యి చేసుకోవడం మానేస్తామని మాటిచ్చినవాళ్లే అందరూ. ఇది సర్కారు పెట్టిన గుంపు కాదు, ఆ ఆదివాసీ పేట పెద్దలు సొంతంగా పెట్టుకున్నది. ఆడవాళ్లు తమ చేత్తో బొమ్మలేసిన ఆ ఎర్ర చొక్కా కావాలంటే, ఏడాదిపాటు ఇంట్లో చెయ్యెత్తకుండా ఉండాలి.

మట్టి కొట్టుకున్న చేతుల్తో చొక్కా మడతపెడుతూ పెద్దాయన అడిగాడు.

"ఏమైందిరా?"

"పొద్దున్నే ఇంట్లో మార్లీన్‌తో మాటా మాటా పెరిగింది. పిడికిలి బిగుసుకుపోయింది మావా. దానంతటదే!"

"కొట్టావా?"

"లేదు. తిన్నగా ఇటే వచ్చేశా."

"ఆ సంచేంటి?"

"కంగారూ తోకలు. మార్లీనే ఇచ్చింది. పోయి గొయ్యి తవ్వుకో, మధ్యాహ్నం పిల్లల్ని తీసుకుని తినడానికొస్తానంది."

అందరూ గొల్లుమన్నారు. కోపమొస్తే గడప దాటి ఇక్కడికొచ్చి గొయ్యి తవ్వాలి. చెమట పట్టి కోపం దిగాక, అదే గోతిలో నిప్పులు పోసి తోకలు కాల్చుకుని కలిసి తినాలి. అదీ వాళ్ల కట్టుబాటు.

"నీ కోపం పుణ్యమా అని మా కడుపులు నిండుతున్నాయి బావా!" అన్నాడు జెత్రో.

"నవ్వకండ్రా! ఏడాదైనా ఈ కోపం చావలేదంటే నేను మారినట్టేనా? మావని చూడండి, ముప్ఫయ్యేళ్లుగా చల్లకుండలా ఉన్నాడు. చొక్కా వేసుకుంటే అలాంటోడు వేసుకోవాలి."

డెన్‌జిల్ విసురుగా పార అందుకుని చెట్టు వెనక్కి వెళ్లి, టక్కున ఆగిపోయాడు. అక్కడ అప్పటికే పచ్చిమట్టి కుప్పపోసి ఉంది.

"ఇదెవరు తవ్వార్రా? తోకలకి మోకాలిలోతు చాలదూ? నడుంలోతుంది! ఇంత కోపమా? నాకంటే పనికిమాలినోడు ఇంకొకడున్నాడన్నమాట!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. జెత్రో నేల చూపులు చూశాడు.

పెద్దాయన లేచొచ్చి, చొక్కా దులిపి, మళ్లీ డెన్‌జిల్ తలమీంచి తొడిగాడు. ఆయన కళ్లు తడిగా మెరుస్తున్నాయి.

"కొట్టకుండా వచ్చావు చూడు, అందుకు నువ్వంటే నాకు గర్వంరా. రేపు పేటకి ఆ మాటే చెప్పు," అన్నాడు. తర్వాత గోతికేసి చూసి, మీసం కింద నవ్వాడు.

"ఆ పనికిమాలినోణ్ణి నేనేరా. ముప్ఫయ్యేళ్లయినా, మీ అత్తతో మాటా మాటా వస్తే నాకింకా నడుంలోతు తవ్వితేగానీ కోపం దిగదు."