మోటార్ సైకిల్ బల్బు

"కళ్ళు బాగానే ఉండాయి, పోయింది లైటు" అంటూ సుబ్బన్న మూడు సెల్లుల టార్చిని ఫకీర్ సాబ్ బల్ల మీద పెట్టాడు.

"లైటు బాగానే ఉండాది ఫకీరన్నా, పోయింది ఈయప్ప కళ్ళే" అంది వెంట వచ్చిన భార్య కుళ్ళాయమ్మ.

ధర్మవరంలో ఫకీర్ సాబ్ రిపేరు అంగడి అది. సుబ్బన్న ఆ పక్క వీధిలో పట్టుచీరలు నేస్తాడు. మగ్గం మీద తెగిన పోగును టార్చి వేసి వెతుక్కుంటాడు.

"పోయిన చీరలో తెగిన పోగు అట్లే ఇడిసిపెట్టి నేసినాడు" అంది కుళ్ళాయమ్మ. "ఇంగొక తప్పొస్తే పడుగు ఇయ్యనన్నాడు షావుకారు. హిందూపురం పోయి కంటి డాక్టరుకు సూపిచ్చుకోమంటే వినడు."

"డాక్టరు కాడికి పోతే ఊరంతా తెలుస్తాది. కళ్ళు మసకబారినోనికి పట్టు ఎవడిస్తాడు?"

"లైటు మారిస్తే కనపడ్తాదా?"

"కనపడ్తాది."

"కనపడకుంటే రేపే బస్సెక్కాల."

"ఎక్కుదాంలే. ముందు లైటు కానీ."

ఫకీర్ సాబ్ పాత బల్బు తీసి ఎల్ఈడీ బిగించాడు. స్విచ్చి నొక్కి సుబ్బన్న చేతికిచ్చాడు. కుళ్ళాయమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది.

"అబ్బా, కళ్ళల్లో కొడతాండాది!"

సుబ్బన్న టార్చి గాజు ముందు అరచెయ్యి పెట్టాడు.

"ఇదేం వెలుతురు సాబ్? చేతికి తగల్నే లేదు."

"ఎల్ఈడీ కదన్నా. కాలదు."

"కాలకుంటే అది వెలుతురెట్లయితాది? మా నాయన కాలంలో బల్బు కాడ చెయ్యి పెడితే చురుక్కుమనేది. అట్లాంటిది వెయ్యి."

ఫకీర్ సాబ్ నవ్వాడు. "అట్లాంటిదంటే మోటార్ సైకిల్ ముందరి బల్బే. ఈ సెల్లులు దాన్ని మోయలేవు."

"మోసేటివి పెట్టు."

"టార్చి కాలిపోతే నన్నడగొద్దు."

"మగ్గం పోతే నిన్నడగాల్నా?"

ఫకీర్ సాబ్ పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి మూడు సెల్లులు తీశాడు. వదులు లేకుండా అట్టముక్క చుట్టి టార్చిలోకి దించాడు. కరిగిపోతుందని బల్బు చుట్టూ ఉండే ప్లాస్టిక్ గిన్నె తీసేసి, దాని చోట రేకుది పెట్టాడు. బల్బుకు వైర్లు అతికించాడు.

"పాత సెల్లులన్నా. ఈ బల్బు గటగటా తాగేస్తాది. గాజు ముట్టుకోవాకు, చెయ్యి బొబ్బలెక్కుతాది."

స్విచ్చి నొక్కాడు. ఎదురుగోడ తెల్లగా మెరిసింది. అల్మారాలో దుమ్ము కూడా కనిపించింది. సుబ్బన్న టార్చి అందుకుని అరచెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీశాడు. వచ్చిన తర్వాత మొదటిసారి నవ్వాడు.

"ఇదీ వెలుతురంటే!"

"పోగు కనపడ్తాదా?" అంది కుళ్ళాయమ్మ.

"పోగేందే, దాన్ని కక్కిన పురుగే కనపడ్తాది."

కుళ్ళాయమ్మకూ నవ్వొచ్చింది. "అయితే నాదే తప్పులే. హిందూపురం పోయే పనిల్యా" అంటూ స్టూలు మీద కూర్చుంది. ఫకీర్ సాబ్ పనిముట్లు సర్దుకోసాగాడు.

సుబ్బన్న టార్చి వదల్లేదు. గాజుకు దగ్గరగా అరచెయ్యి తెస్తున్నాడు, తీస్తున్నాడు. మళ్ళీ తెస్తున్నాడు. షావుకారునే పిలిచి చూపిస్తానన్నాడు. ఇంకో పదేళ్ళు నేస్తానన్నాడు. తర్వాత టార్చిని భార్య మాట వినిపించిన వైపు తిప్పాడు.

"కుళ్ళాయమ్మా, మొగం ఇట్ల పెట్టు. నీ ముక్కుపుడక ఎట్ల మెరుస్తాండాదో!"

కుళ్ళాయమ్మ నవ్వు ఆగిపోయింది. ఆమె ఫకీర్ సాబ్ వైపు చూసింది. అతను టార్చి కోసం మెల్లగా చెయ్యి చాచాడు.

"ఇంక ఆపన్నా, సెల్లులు అయిపోతాయి."

గాజు ఇంకా కాలుతూనే ఉంది. లోపల బల్బు ఎప్పుడో ఆరిపోయింది.